మట్టికాళ్ళ మేకలు

పనసగుడలో ఎవరి మేక తప్పిపోయినా ముందు సోంబరు కూతురు కనకని అడిగేవారు. ఆ గుంటకి ఎలా తెలిసేదో గాని, "మీ బొల్లిదేనా? పై గెడ్డ కాడ పడిపోయిన పనస దుంగుంది సూడండి, దాని మీదెక్కి కూకుంటాది," అని చెప్పేది. వెళ్ళి చూస్తే మేక అక్కడే ఉండేది.

అరకులోయకి ఎగువన, కొండ భుజానికి అతుక్కున్నట్టుండే కొండదొర గిరిజనుల ఊరు పనసగుడ. చోళ్ళు, సామలు, వలిసెలు వాళ్ళ పంటలు. కింద లోయలోంచి కిరండూలు రైలు కూత కొత్తగా వినపడుతున్న రోజులవి. కనకకి అప్పటికి పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రీ కూతుళ్ళకి ఓ ముక్క పోడు భూమీ, ఓ మేకల మందా ఉండేవి.

సోంబరు చెయ్యి మంచి చెయ్యి. నాగలి దగ్గర్నుంచి పిల్లల బొంగరం దాకా కర్రతో ఏదైనా చెక్కేవాడు. కాని లోయలో అతనికి పేరొచ్చింది చెక్కడం వల్ల కాదు, ఆట వల్ల. శుక్రవారం అరకు సంతలో ఉప్పు వర్తకులు బళ్ళు దింపే చోట చదునుగా ఒక బండ ఉండేది. దాని మీద పులిజూదం గీతలు ఏనాడో ఎవరో చెక్కి ఉన్నాయి. మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. పులి మేక మీంచి దూకితే మేక పోయినట్టు. పులికి కదిలే దారి లేకుండా మేకలు చుట్టూ కమ్ముకుంటే పులి ఓడినట్టు. సోంబరు ఎప్పుడూ మేకల పక్షమే.

"పులి పక్కన ఎవడైనా ఆడతాడు," అనేవాడు. "కోరలున్నోడికి ఆటెందుకూ?"

అతనికెదురుగా పులులతో ఆడేది పోలయ్య. శృంగవరపుకోట నుంచి ఉప్పూ ఎండుచేపలూ తెచ్చే వర్తకుడు. పెద్ద గొంతు, పెద్ద బొజ్జ, ఓడిపోతే పెద్ద నవ్వు. ఓడిపోవడం అతనికి అలవాటే. సోంబరు దగ్గర ఒక ఎత్తుండేది. ఓ మేకను కావాలని పులి ముందు వదిలేసేవాడు. పోలయ్య ఆశపడి దూకేవాడు. దూకిన చోటే పులికి మూల. వెనకాల చింతపిక్కలు వచ్చి తలుపు మూసినట్టు మూసేసేవి.

ఇలా ఉండగా ఒక చలికాలం చిరుతపులి ఊరి మీద పడింది. పొగమంచు దిగితే పక్కనున్న మనిషి కనపడని రోజులు. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో మేక మాయం. సోంబరు మందకే ఎక్కువ దెబ్బ తగిలింది. దడి ఎత్తు పెంచాడు, ముళ్ళు కట్టాడు, నిప్పు పెట్టాడు. దేనికీ అది ఆగలేదు.

ఓ సాయంత్రం గెడ్డవాగు అవతలి గట్టున కనక ఆ చిరుతని చూసింది. డొక్కలు లోపలికి పోయి, పొదుగు వేలాడుతూ ఉంది. వెనకాల ఒక కూన. కనక చేతిలో కర్ర ఉంది గాని ఎత్తలేదు, అరవనూ లేదు. అది ఆమెను ఒకసారి చూసి, ఇంటి పని మిగిలిపోయిన ఆడదానిలా, కూనను ముందుకు తోసుకుంటూ పొదల్లోకి పోయింది.

ఆఖరికి కుంటిమల్లి అనే మేక కూడా పోయింది. పుట్టినప్పుడు దాని ముందు కాలు వంకరగా ఉంటే సోంబరు వెదురుబద్దలు కట్టి, అది నిలబడేదాకా భుజాన వేసుకుని తిరిగాడు. ఆ వారం మిగిలిన మేకల్ని సంతకి తోలుకుపోయి అమ్మేశాడు.

"ఎవలింట్లోనన్నా బతుకుతాయి," అన్నాడు కూతురితో. అంతే.

మేకలు లేని కనకకి తెల్లారితే ఎటు వెళ్ళాలో తెలిసేది కాదు. అలవాటుగా గెడ్డ దాకా పోయి, ఏం తోచక తిరిగొచ్చేది.

మరుసటి ఏడు అరకులో ప్రభుత్వం వాళ్ళు ఒక శిక్షణ కేంద్రం తెరిచారు. కొండ ఆడవాళ్ళకి లక్కబొమ్మల పని నేర్పుతారు, నేర్చుకున్నన్నాళ్ళూ బత్తెం ఇస్తారు అన్నారు. కనక చేరింది. నేర్పే మేస్టారు వరహాలరావు. మైదానంలో లక్కబొమ్మలకి పేరుపడ్డ ఊరి మనిషి. తాతల నాటి నుంచి అదే పని. సన్నగా, పొట్టిగా, వేళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేవాడు. చెడ్డవాడు కాడు, కాని పని దగ్గర మాత్రం మొహమాటం లేదు.

అంకుడు కర్రతో చేసిన గుర్రాలు, ఏనుగులు, మేకలు బుట్టల్లో వచ్చేవి. ఆడవాళ్ళు వాటికి రంగు వెయ్యాలి. కనక చెయ్యి వణికేది కాదు. వారం తిరక్కుండానే కంటి గీత, కొమ్ము గీత పట్టుబడ్డాయి. కాని గుర్రాలు వేస్తున్నప్పుడు లేని తంటా మేకలు చేతికొచ్చేసరికి వచ్చింది. తెల్లటి ఒళ్ళు, నల్లటి కొమ్ములు, ఎర్రటి మెడపట్టీ. పదింటికి పదీ ఒకేలా. కనక వాటిని వరసగా పెట్టి చాలాసేపు చూసింది. ఇవి ఎవరి మేకలూ కావు.

మర్నాడు వరహాలరావు ఆరబెట్టిన బొమ్మలు చూస్తూ చూస్తూ ఒక దాని దగ్గర ఆగాడు.

"కనకా, ఇదేటిది? కాళ్ళకేటి అంటింది?"

"బురద, మేస్టారూ."

"బురద తుడవకుండా రంగేసేవా?"

"నేదు మేస్టారూ. రంగేసేక బురదేసేను."

గదిలో ఆడవాళ్ళంతా నవ్వారు. వరహాలరావుకీ నవ్వొచ్చింది. తడిగుడ్డ తెచ్చి ఆ కాళ్ళు శుభ్రంగా తుడిచి ఆమె చేతికిచ్చాడు. "బొమ్మంటే మెరవాలమ్మా. కొన్నవాడికి అందులో తన మొహం కనపడాలి. మా తాత నాకు చెప్పిన మొదటి మాట అదే."

కనక తలూపింది. ఊపి, ఆ వారంలోనే మళ్ళీ వేసింది. ఈసారి కాళ్ళకే కాదు, ఒక దాని డొక్కకి బూడిద, ఇంకో దాని వీపుకి పనసజిగురు మరక. వేస్తున్నప్పుడు తప్పు చేస్తున్నానని ఆమెకి అనిపించలేదు. తుడిచేసినప్పుడే ఏదో తప్పు జరిగినట్టు ఉండేది.

కొన్నాళ్ళకి పట్నంలో బొమ్మలు తీసుకునే కొట్టు నుంచి ఒక పెట్టె తిరిగొచ్చింది. మాసిన సరుకు పంపారని కబురు. వరహాలరావు ఆ రోజు నవ్వలేదు. కనకని పక్కకి పిలిచాడు.

"నీ చెయ్యి మంచిదే. కాదన్ను. కాని నాకూ పైన అడిగేవాళ్ళున్నారు. మురికి లేకుండా వేస్తానంటే ఉండు. లేదంటే నేను ఉంచుకోలేను."

కనక మధ్యాహ్నం దాకా ఆలోచించింది. బత్తెం మాట గుర్తొచ్చింది, తండ్రి మొహం గుర్తొచ్చింది. తరవాత తన కుంచెలు కడిగి, నీళ్ళు దులిపి, వరసగా గట్టు మీద పెట్టింది.

"మానేత్తాను మేస్టారూ."

వరహాలరావు ఆమె వంక ఓ క్షణం చూశాడు. మూల పడున్న అంకుడు ముక్కలు నాలుగు గుడ్డలో కట్టి, "పొయ్యిలోకైనా పనికొస్తాయి, తీసుకుపో," అన్నాడు.

సంగతి విని సోంబరు చుట్ట పక్కన పడేశాడు. "బుద్దుందేటే నీకు? కూకోబెట్టి బత్తెం ఇత్తంటే బురద కోసం ఒగ్గేసొచ్చేవా?"

"బురద కోసం కాదయ్యా. మన మంద సేత్తాను."

"ఏ మంద?"

"పోయిన మంద. పులిజూదానికి. పదిహేనూ సేత్తాను. పులుల్ని కూడా."

"ఆటకి సింతపిక్కలు సాలవా?" అని సోంబరు గోడవైపు తిరిగిపోయాడు.

కనక చిన్న కత్తి పట్టుకుని అరుగు మీద కూచుంది. రంగులో ఉన్న పట్టు ఆమెకి చెక్కడంలో లేదు. బొటనవేలంత మేక చెయ్యబోతే కుక్కలా వచ్చేది, లేదంటే కాలు విరిగేది. సోంబరు రెండ్రోజులు చూడనట్టే చూశాడు. మూడోనాడు ఉండబట్టలేకపోయాడు.

"మేక ఎన్ను అలగుంటాదేటే? ఇలగియ్యి." కత్తి లాక్కున్నాడు.

అప్పట్నుంచి చెక్కడం అతని వంతు, రంగు ఆమె వంతు. ఏ మేకో చెప్పనక్కర్లేదు. తెగిన చెవిదాన్ని చెక్కితే చెవి తెగి ఉండేది. ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసే బొల్లిదాన్ని చెక్కితే మెడ తిరిగి ఉండేది. కుంటిమల్లిని మాత్రం చాలా రోజులు ముట్టుకోలేదు. చివరికి ఓ పొద్దున చెక్కి, ఆమె పక్కన పెట్టి పోడుకి వెళ్ళిపోయాడు.

రంగులకి కనక కొండంతా తిరిగింది. తెల్లసుద్ద, గేరుమట్టి, దీపం మసి, జాఫ్రా గింజల ఎరుపు. కోడి ఈక గొట్టానికి మేక వెంట్రుకలు కట్టి కుంచె చేసుకుంది. ముందు ఒంటి రంగు శుభ్రంగా వేసేది. అది ఆరాక అసలు పని మొదలు. గెడ్డలో దిగే అలవాటున్న మేకకి మోకాళ్ళ దాకా నల్ల ఒండ్రు. బూడిదకుప్ప మీద పడుకునేదానికి ఒక పక్క డొక్క మాత్రమే బూడిద రంగు, రెండో పక్క మామూలు. పొదల్లో దూరేదానికి వీపు మీద ఒంటికి అంటుకునే ముళ్ళకాయల్లాంటి సన్నటి చుక్కలు. వయసు మళ్ళినదానికి మోకాళ్ళ మీద వెంట్రుకలు పోయి తోలు కనపడాలి. అక్కడ రంగు పూర్తిగా వెయ్యకుండా, గుడ్డతో అద్ది లేపేసేది. ఎక్కడ వెయ్యాలో కంటే ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.

అన్నీ చేశాక తెలిసింది అసలు చిక్కు. ఆ మట్టి నిలబడదు. ఆటకి చేత్తో పట్టుకుంటే వేలికి అంటుకుని వచ్చేస్తుంది. తుమ్మజిగురు కలిపి వేసింది. వానలు మొదలయ్యేసరికి జిగురు చెమర్చి మేకలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి, వాటి మీద తెల్లగా బూజు పట్టింది. కడిగేసి మళ్ళీ మొదలుపెట్టింది. గుడ్డుసొన పూస్తే చీమలు పట్టాయి. లక్క కరిగించి పూస్తే మట్టి నిలిచింది గాని, మేక మాత్రం అప్పుడే స్నానం చేయించి నూనె రాసినట్టు తళతళలాడింది. కనకకి ఏడుపొచ్చింది. గోటితో గీకి, మళ్ళీ కట్టెదాకా తెచ్చింది.

"ఒగ్గెయ్యే," అన్నాడు సోంబరు. "సేసినావు. సాలు."

"అవనేదు కదయ్యా."

వాన కాస్త తెరిపిచ్చిన రోజు చూసి కుంటిమల్లినీ ఇంకో మేకనీ కొంగున కట్టుకుని అరకు దిగింది. శిక్షణ కేంద్రం వసారాలో వరహాలరావు ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూసి కళ్ళజోడు పైకి జరిపాడు.

"మళ్ళీ బురదేనా?"

"బురదే మేస్టారూ. నిలబడ్డం నేదు."

పొమ్మంటాడనుకుంది. అతను చెయ్యి చాపాడు. మేకను వెలుతురుకి పట్టి చూశాడు, వాసన చూశాడు, గోటితో మెల్లగా గీకాడు. డొక్క మీద బూడిద ఒకవైపే ఉండడం చూసి, "ఇటే ఎందుకు?" అనడిగాడు.

"అది ఆ పక్కే తొంగుంటాది."

వరహాలరావు "ఊఁ" అన్నాడు. లోపలికెళ్ళి ఒక సీసా తెచ్చాడు. "జిగురు పనికిరాదు, మన కొండ వానలకి అసలే పనికిరాదు. లక్కని నిప్పు మీద కరిగిస్తే దళసరిగా పడుతుంది. ఇదిగో, స్పిరిట్‌లో నానబెట్టిన లక్క ఇది. నీళ్ళలా ఉంటుంది. పలచగా పుయ్యి, ఆరనియ్యి, మళ్ళీ పుయ్యి. మట్టి లోపలికి పట్టేస్తుంది."

"మెరుత్తాది కదేటి మేస్టారూ?"

అతను పెద్దగా నవ్వేశాడు. "నలభయ్యేళ్ళు మెరుపెలా తెప్పించాలో నేర్చుకున్నానే గాని, దాన్ని ఎలా చంపాలో ఎన్నడూ ఆలోచించలేదమ్మా!"

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ వసారాలో కూచుని మెరుపు చంపారు. ఇసకతో రుద్దితే గీతలు పడ్డాయి. గోనెపట్టాతో రుద్దితే రంగు లేచింది. మొగలి ఆకు, ఇటుక పొడి, అన్నీ చూశారు. చివరికి ఊక బూడిదను పలచటి గుడ్డలో జల్లించి, తడివేలితో అద్ది, ఒత్తకుండా తిప్పితే మెరుపు మాత్రం పోయి మట్టి మిగిలింది. కనక కుంటిమల్లిని కాస్త దూరంగా గట్టు మీద పెట్టి చూసింది. వానలో తడిసి ఇప్పుడే ఇంటికొచ్చినట్టుంది.

వరహాలరావు కూడా చూశాడు. "ఇది కొట్టులో అమ్ముడుపోదు," అన్నాడు, నిజం చెప్పకుండా ఉండలేనట్టు. సీసా మాత్రం ఆమెకే ఇచ్చేశాడు.

పులులు మూడూ చిరుతలే. ఒకటి ముసలిది, మూతి నెరిసింది. ఒకటి కుర్రది, మచ్చలు నిగనిగలాడేది. మూడోది తల్లి. డొక్కలు లోపలికి పోయి, పొదుగు వేలాడుతూ, మోకాళ్ళ దాకా గెడ్డ బురదతో. సోంబరు దాన్ని చేతిలోకి తీసుకుని, "దీన్నెక్కడ సూసేవే?" అన్నాడు. చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అతను అడగలేదు.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం సోంబరు గుడ్డమూట బండ మీద విప్పాడు. పోలయ్య గులకరాళ్ళు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. మూటలోంచి మేకలు ఒక్కొక్కటే దిగుతుంటే అతను తన రాళ్ళు పక్కకి తోసేశాడు. చుట్టూ జనం మూగారు. పనసగుడ వాళ్ళు వెంటనే గుర్తుపట్టారు. "ఓలమ్మో, ఇది సోంబరు బొల్లిది గాదేటి! మా సేలో పడి సోళ్ళన్నీ మేసేసినాది, ఇదే!"

ఆట మొదలైంది. కనక జనం వెనకాల నిలబడి చూస్తోంది. సోంబరు ఎప్పట్లాగే మేకల్ని దించుకుంటూ వచ్చాడు. పోలయ్య ఎప్పట్లాగే తొందరపడుతున్నాడు. మూల దగ్గర సమయం వచ్చింది. ఒక్క మేకను ముందుకు నెడితే చాలు, తల్లిపులి దాని మీంచి దూకి బోనులో పడుతుంది. నెట్టాల్సిన చోట ఉన్నది కుంటిమల్లి.

సోంబరు చెయ్యి దాని మీదకి వెళ్ళింది. ఆగింది. మళ్ళీ వెళ్ళింది.

"ఏటి మావా, ఆడవేటి? సంత ఎత్తేత్తారు!" అన్నాడు పోలయ్య.

సోంబరు చెయ్యి పక్కకి జరిపి వేరే మేకను కదిపాడు. పనికిమాలిన ఎత్తు. ఆడడం రాని పిల్లడు కూడా అది వెయ్యడు. దాంతో దారి తెరుచుకుంది. పులులు వరసగా దూకాయి. కుంటిమల్లిని కాపాడబోయి సోంబరు సగం మందని పోగొట్టుకున్నాడు. పోలయ్యే ముందు నమ్మలేదు. తరవాత లేచి నిలబడి, తొడ చరిచి, సంతంతా వినపడేలా నవ్వాడు.

తండ్రి ముందు నడుస్తూ కొండెక్కాడు. ఊరు కనపడే మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "నా ఆట పాడుసేసేవే నువ్వు. సింతపిక్కకి పేరుండదు. దాన్ని పులికెయ్యడానికి సెయ్యి ఆడతాది. ఇయ్యి నాకొద్దు."

మూట ఆమె చేతిలో పెట్టేశాడు. ఆ మాట కనకకి ములుకులా గుచ్చుకుంది. అయినా ఇంటికొచ్చి మూట విప్పి, ఒక్కొక్కటే తుడిచి, ఎక్కడైనా రంగు లేచిందేమోనని చూసింది. అన్ని చేతులు తగిలినా ఎక్కడా లేవలేదు.

తరవాతి శుక్రవారం సోంబరు సంతకి రాలేదు. కనక ఒక్కతే వెళ్ళింది. పోలయ్య ఆమెను చూస్తూనే పిలిచాడు.

"ఆ మందని నాకిచ్చెయ్యమ్మీ. బస్తాడు ఉప్పు ఇత్తాను."

"అది మా మంద బాబూ, ఇవ్వను. మీ ఇంట్లో మేకలున్నాయేటి?"

"మేకలెక్కడియి? మాయమ్మకి గేదెలుండేవి."

"ఎలగుండేవి?"

పోలయ్య నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదు. ఉప్పు బస్తా మీద కూచుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఒక దానికి కొమ్ము కిందికి వంగి కంట్లోకి వచ్చేది. ఒకటి ఎప్పుడూ చెరువులోనే, వీపు మీద బురద ఎండి పెచ్చులు కట్టేది. ఒకటి అమ్మ తప్ప ఎవరు పితికినా పాలివ్వదు. చెబుతూ చెబుతూ బేరానికి వచ్చినవాళ్ళని కూడా పట్టించుకోలేదు. కనక అన్నీ విని, మధ్యమధ్య ఒకటే అడిగింది: ఆ బురద ఏ రంగు?

అలా పోలయ్య పులిజూదంలో మేకలకి బదులు గేదెలు వచ్చాయి; మిగతావాళ్ళతో ఆడేటప్పుడు ఆ గేదెల పక్షం తనే ఆడేవాడు. అది చూసి ఇంకొకరు, ఆ ఇంకొకర్ని చూసి మరొకరు. చుట్టుపక్కల గూడేల వాళ్ళు వచ్చి తమ మేకల సంగతి చెప్పి, చోళ్ళో చింతపండో ఇచ్చి చేయించుకునేవారు. పక్క ఊరి మంగరాజు తన అన్న మేకల సంగతి చెప్పడానికి వచ్చి, మళ్ళీ ఏదో మరిచిపోయానని వచ్చి, మళ్ళీ వచ్చి, చివరికి కనకని చేసుకుని పనసగుడలోనే ఉండిపోయాడు. కాఫీ తోటల్లో కూలికి వెళ్ళేవాడు, ఇంటి దగ్గరున్నప్పుడు రంగుమట్టి నూరేవాడు.

సోంబరు చెక్కడం మానలేదు. ఎవరి మేకనైనా చెక్కేవాడు. ఆట మాత్రం ముట్టలేదు. రెండు చలికాలాలు అలా గడిచాయి. ఓ ముసురు రోజు అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి, కూతుర్ని పిలిచాడు.

"మూట తే."

"ఏ మూటయ్యా?"

"మనదే. నువ్వు పులులతో ఆడు."

ఆడారు. కనక గెలిచింది. మళ్ళీ ఆడారు. కనకే గెలిచింది. సోంబరు మేకలను మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది, అతనేం చేస్తున్నాడో. ఎరవెయ్యకుండా గెలవాలని చూస్తున్నాడు. ఒక్క మేకా పోకుండా.

"అలగ అవ్వదయ్యా," అంది.

"అవ్వదని ఎవలు సెప్పేరు? ఎవలూ సూడనేదు, అంతే."

ఆ వానాకాలమంతా తండ్రీ కూతుళ్ళు ఆడుతూనే ఉన్నారు. కనక కావాలని ఓడేది కాదు. ఓడితే అతను కనిపెట్టి తిట్టేవాడు. అన్నం తింటూ తింటూ లేచి వెళ్ళి ఓ మేకను జరిపి చూసి వచ్చేవాడు. మేకల్ని జంటలుగా నడపాలని, ఒక దాని వెనకాల ఇంకోటి లేకుండా ఏదీ అడుగు వెయ్యకూడదని అతనికి మెల్లగా పట్టుబడింది. పులి దూకాలంటే అవతల ఖాళీ ఉండాలి కదా. ఆ ఖాళీయే ఇవ్వకూడదు. చెప్పడానికి తేలికే. మూడు పులులు మూడు వైపుల నుంచి కాచుకుని ఉంటే ఆడడం నరకం.

చలికాలం తిరిగొచ్చాక సోంబరు సంతకి దిగాడు. పోలయ్య అతన్ని చూసి బేరం వదిలేసి వచ్చాడు. ఆట పొద్దున మొదలైతే మధ్యాహ్నం దాటినా తెమల్లేదు. సోంబరు మేకలు గుంపుగా, నెమ్మదిగా, కొండెక్కుతున్నట్టు జరుగుతున్నాయి. పోలయ్య గోల చెయ్యడం మానేశాడు. ఎప్పుడో కుర్రపులికి దారి మూసుకుపోయింది. తరవాత ముసలిదానికి. చివరికి తల్లిపులి మూలలో నిలబడింది. పోలయ్య గడ్డం గోక్కుని గోక్కుని, చేతులు రెండూ పైకెత్తేశాడు.

బండ మీద మేకలు పదిహేనూ ఉన్నాయి.

సోంబరు కుంటిమల్లిని వేలితో కొంచెం సర్ది సరిగ్గా నిలబెట్టాడు. కనక జనం వెనకాల నుంచి చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మళ్ళీ అలాంటి ఆట అతను ఆడలేకపోయాడు. ఒకటో రెండో పోయేవి. పోయిన మేకను అవతలివాడి కుప్పలో వెయ్యనిచ్చేవాడు కాదు, తన మోకాలి పక్కన పెట్టుకునేవాడు. ఇంకో మూడు నాలుగేళ్ళు ఆడి, ఓ మాఘమాసం జ్వరంతో పోయాడు.

బండ దగ్గర మేకల వైపు చోటు ఖాళీ అయింది. ఒకరిద్దరు కూచుని చూశారు గాని పోలయ్యకి పొసగలేదు. అతనే కనకకి కబురు పెట్టాడు. సంతలో ఆ బండ దగ్గర ఆడవాళ్ళు ఎప్పుడూ కూచోలేదు. కనక వెళ్ళి కూచుంది. ఎవరో గొణిగారు. ఎవరో పకపకా నవ్వారు. మంగరాజు వాళ్ళ వైపు తిరిగి ఏదో అనబోతే, "నువ్వుండు మావా," అని మూట విప్పింది.

ఆ రోజు ఓడిపోయింది. తరవాతి శుక్రవారమూ ఓడింది. ఆ తరవాత కూడా. నవ్వేవాళ్ళకి నవ్వి నవ్వి విసుగొచ్చింది, ఆమెకి మాత్రం రాలేదు. కోతలయ్యే నాటికి ఒక ఆట గెలిచింది. అప్పటి నుంచి ఆ చోటు ఆమెది. ఇంకొన్నాళ్ళకి ఆ పక్కన ఇంకో గీత గీసి, కూరలమ్ముకునే సోములమ్మ, ఆమె చెల్లెలూ ఆడుకోవడం మొదలుపెట్టారు.

ఎనభైల్లో రైల్లో బొర్రా గుహలకి వచ్చేవాళ్ళు అరకు దాకా రావడం ఎక్కువైంది. వాళ్ళలో కొందరు కనక బొమ్మలు కొనేవారు. పాతిక సెట్లు ఒకేలా చేసివ్వమని ఒకాయన అడిగాడు. కనక ఆయన్ని మీ ఇంట్లో ఏం పెంచారని అడిగింది. ఏమీ పెంచలేదన్నాడు. "అయితే మీ ఈదిలో కుక్కలుంటాయి కదా బాబూ, సెప్పండి," అంది. ఆయన కాసేపు ఆలోచించి నిజంగానే చెప్పాడు.

పోలయ్యకి వయసు మళ్ళింది, ఉప్పు వ్యాపారం కొడుకులకి అప్పగించేశాడు. అయినా శుక్రవారం మానలేదు. ఓసారి తన గేదెల మూట తెచ్చి ఆమె ముందు విప్పాడు. ఏళ్ళ తరబడి వేళ్ళ మధ్య నలిగి వాటి వీపుల మీద రంగు అరిగిపోయింది, కట్టె నున్నగా బయటపడింది. ఒక గేదెకి వెనక కాలు విరిగింది.

"కొత్త రంగేసియ్యమ్మీ. మాసిపోనాయి."

కనక ఒక్కొక్కటే తిప్పి చూసింది. అరిగిన చోట్లు అతని వేళ్ళు ఎక్కువగా ఆడే చోట్లే. వంగిన కొమ్ముదైతే ముక్కు దగ్గర పూర్తిగా నున్నబడింది. దాన్ని అతను కదపకముందు ఎప్పుడూ బొటనవేలితో రాసేవాడు.

"కాలు అతికిత్తాను బాబూ. రంగెయ్యను."

"అదేటే?"

"మీ అమ్మ సేత్తో రాసిన గేదె వీపు నున్నగుండదేటి మరి?"

కనక లక్క వేడిచేసి, విరిగిన కాలికి చిన్న వెదురుముక్క ఆసరా కట్టి, ఎండలో ఆరబెట్టింది. అది ఆరేదాకా అతన్ని పులుల వైపు కూచోబెట్టి ఒక ఆట ఆడింది. ఆ ఆట పోలయ్య గెలిచాడు, సంతంతా వినపడేలా నవ్వాడు.